వాకిట్లో ఏం పరుద్దాం?

ఇల్లు కట్టేటప్పుడు డబ్బూ ఓపికా రెండూ అయిపోయేది గడప బయటికి వచ్చేసరికే. పునాదులు, స్లాబు, తలుపులు, వంటగది అన్నీ అయ్యాక, ముహూర్తం దగ్గరపడుతుంటే ‘పోర్టికోలో ఏదో ఒకటి వేసేయండి మేస్త్రీ’ అనేస్తాం. కానీ ఇంట్లోని నేలలన్నిటిలో ఎక్కువ కష్టపడేది అదే. మేలో ఎండుతుంది, జులైలో నానుతుంది, బండి బరువు మోస్తుంది, వీధి దుమ్మంతా ముందు దాని మీదే పడుతుంది. హాల్లో వేసిన టైల్‌కి ఈ బాధలేవీ ఉండవు. అయినా హాలు టైల్ కోసం నాలుగు షాపులు తిరిగి, వాకిలి టైల్‌ని ఫోన్లో ఖాయం చేస్తాం.

బయటి నేలకు ఎక్కువ డబ్బు అక్కర్లేదు. కొనేముందు కాస్త ఎక్కువ ఆలోచన కావాలి. తక్కువ ఖర్చులో మంచి వాకిలి కావాలనుకునేవాళ్లు మొదట వదిలించుకోవాల్సిన అలవాటు ఒకటుంది: షాపులో లైట్ల కింద నిలబడి నిర్ణయం తీసుకోవడం. అక్కడ టైల్ పొడిగా, శుభ్రంగా, చల్లగా ఉంటుంది. మీ వాకిట్లో అది ఒక్కరోజు కూడా అలా ఉండదు.

అందుకని షాపుకి వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని, మీ వాకిట్లో ఒకరోజంతా ఏం జరుగుతుందో రాయండి. పొద్దున్నే ఎవరు నీళ్లు చల్లుతారు, ఆ నీళ్లు ఎటు పోతాయి? మధ్యాహ్నం ఎండ ఎంతసేపు పడుతుంది, పైన షేడ్ ఉందా? కారు వస్తుందా, బైకులేనా? చెప్పుల్లేకుండా నడిచేదెవరు? ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లున్నారా? వీధి మట్టి ఎర్రదా, నల్లదా? ఈ జవాబులు చేతిలో ఉంటే షాపులోని వంద రకాల్లో తొంభై వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మిగిలిన పదిలో ధర చూసుకుంటే చాలు.

తడి నేల మీద పాదం

అన్నిటికన్నా ముందు చూడాల్సింది జారుడు. రంగు, డిజైను, ధర అన్నీ దీని తర్వాతే. మెట్లకూ వరండాకూ అద్దంలా మెరిసే గ్రానైట్ వేయించుకోవడం మన ఊళ్లలో హోదాగా మారింది. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పొడిగా ఉన్నప్పుడు దానితో పేచీ లేదు. మన వాకిలి పొడిగా ఉండేది ఎంతసేపు? తెల్లారగానే కడుగుతాం, కార్తీకంలో మంచు పడుతుంది, వానాకాలమంతా జల్లు కొడుతుంది. తడి కాళ్లతో ఆ మెట్టు మీద అడుగేసిన పెద్దావిడ తుంటి విరిగితే పెట్టాల్సిన ఖర్చు, పడాల్సిన బాధ ముందు ఆ హోదా ఏ మూలకూ రాదు. ఇప్పటికే నున్నటి రాయి వేసి ఉంటే దాన్ని పీకించనక్కర్లేదు. మెట్ల అంచుల్లో రాయి కోసేవాళ్లతో రెండు మూడు గాడులు పెట్టించినా, గరుకు పట్టీలు అంటించినా ఎంతో తేడా వస్తుంది. కొత్తగా వేసేవాళ్లు మాత్రం గ్రానైటే కావాలనుకుంటే లెదర్ ఫినిష్ గానీ, మంటతో కాల్చి గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్ గానీ అడగండి.

టైల్స్‌కి ఈ జారుడును కొలిచే పద్ధతి ఉంది. కంపెనీ వివరాల్లో ఆర్9, ఆర్10, ఆర్11 అని కనిపిస్తుంది. జర్మనీ ప్రమాణం అది. నూనె పూసిన టైల్స్ పలక మీద మనిషిని నడిపిస్తూ పలకను కొంచెం కొంచెంగా వాలుస్తారు. ఎన్ని డిగ్రీల వాలులో అతను జారతాడో చూస్తారు. ఆర్9 అంటే 6 నుంచి 10 డిగ్రీల లోపే పట్టు తప్పుతుంది. ఆర్10 టైల్ 19 డిగ్రీల దాకా, ఆర్11 అయితే 27 డిగ్రీల దాకా నిలుపుతుంది. పైన కప్పున్న సిటవుట్‌కి ఆర్10 సరిపోతుంది. వాన నేరుగా పడే చోట, ర్యాంపు మీద ఆర్11కి తగ్గకండి. ‘యాంటీ స్కిడ్ అండీ’ అని షాపతను చెబితే నంబరు అడగండి. నంబరు దొరక్కపోతే టైల్ మీద నీళ్లు పోయించి, చెప్పులు విప్పి, పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకుని మీరే పాదం ఆనించి చూడండి. షాపులో సిగ్గుపడాల్సిన పనేం కాదు. డబ్బు మీది, పాదం మీ అమ్మగారిది.

అలాగని మరీ గరుకుదీ వద్దు. లోతైన గాళ్లున్న టైల్లో మట్టి ఇరుక్కుంటుంది, చీపురు పట్టదు, వానాకాలంలో అక్కడే పాకుడు పడుతుంది. పాకుడు పట్టిన గరుకు టైల్ నున్నటి టైల్ కన్నా ప్రమాదం. పాదాలు ఈడ్చుకుంటూ నడిచే పెద్దవాళ్లకు ఎత్తుపల్లాల డిజైన్లు కాలికి తగులుతాయి కూడా. వేలితో రాస్తే సన్నటి ఇసుక తగిలినట్టుండే ఉపరితలం వాకిలికి సరైనది.

రంగు సంగతి

రంగు కంటికే కాదు, పాదానికీ సంబంధించినదే. ముదురు రంగు ఎండను పీల్చుకుంటుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో, కొత్తగూడెంలోనో ఎండలెలా కాస్తాయో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఎండలో నల్ల కడప రాయి పరిచిన వాకిట్లో మధ్యాహ్నం పూట పిల్లాడు చెప్పుల్లేకుండా రెండడుగులు వేయలేడు. నీడలేని చోట లేత బూడిద, లేత గోధుమ రంగులు మంచివి.

మరీ తెలుపు, క్రీమ్ రంగులకూ వెళ్లకండి. వాటి మీద ముగ్గు కనబడదు. రోజూ ముగ్గేసే ఇంట్లో ఈ సంగతి నేల వేసేశాక గుర్తొస్తుంటుంది. గేటు ముందు ముగ్గు పడే చోటు వరకు నీలి బూడిద రంగు రాయి పరిచి, మిగిలిన చోట లేత రంగు వేస్తే రెండు పనులూ నెరవేరతాయి. ఇక ఎర్రమట్టి ఊళ్లో క్రీమ్ టైల్ వేస్తే జీవితాంతం దాన్ని కడుగుతూనే ఉండాలి. మీ వీధి దుమ్ము ఏ రంగో ఆ రంగుకి దగ్గరగా ఉన్న టైల్ తీసుకోండి, చాకిరీ సగానికి తగ్గుతుంది.

మన చుట్టూ ఉన్న రాయి

చవకగా బయటి నేల వేయాలని ఎవరు అడిగినా నేను మొదట నాపరాయి చూడమంటాను. మన రెండు రాష్ట్రాల అదృష్టం అది. వికారాబాద్ జిల్లా తాండూరులో నీలి బూడిద రంగుదీ, పసుపుపచ్చదీ దొరుకుతాయి. పల్నాట మాచర్ల రాళ్లున్నాయి, నంద్యాల జిల్లా బేతంచర్లలో పాలిష్ రాళ్లున్నాయి, కడప నల్లరాయి సరేసరి. సరిహద్దు దాటితే కలబురగి జిల్లా షాబాద్ బండలు. హైదరాబాద్ పాత ఇళ్లలో తరాలుగా అరిగినా చెక్కుచెదరని నేలల్లో చాలా వరకు ఈ షాబాద్, తాండూరు బండలే. మోర్బీ నుంచి లారీలో వచ్చే టైల్ ధరలో గుజరాత్ నుంచి ఇక్కడిదాకా రవాణా కలిసి ఉంటుంది. పక్క జిల్లా రాయికి ఆ భారం తక్కువ. అయినా ‘బండలా? పాత ఇల్లులా ఉంటుందండీ’ అని మనవాళ్లు మొహం తిప్పుకుంటారు. అదే రాయిని ఫొటో తీసి పైన అచ్చేసిన టైల్ మాత్రం ముచ్చటపడి కొంటారు.

బయటికి పాలిష్ చేయని సహజ ముఖం ఉన్న రాయే తీసుకోండి. పాలిష్ ఖర్చు మిగులుతుంది, జారుడూ తగ్గుతుంది. అంచులు మాత్రం మిషన్ కటింగ్‌వి అడగండి. చేతికోత బండలకు సందులు వెడల్పవుతాయి, సిమెంటు ఎక్కువ పడుతుంది. కారు ఎక్కే చోటికి అంగుళంన్నర మందానికి తగ్గకుండా చూసుకోండి. బండను నిలబెట్టి చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమంటే తీసుకోండి. బొంగురుగా మోగితే లోపల పొరలు విడిపోతున్నట్టు, రెండు వానాకాలాలకే పైపొర రేకుల్లా లేస్తుంది. రాయి రాయికీ మందం తేడా ఉంటుంది కాబట్టి మేస్త్రీకి పని ఎక్కువ. కూలి మాట్లాడేటప్పుడే అది చెప్పి ఒప్పుకోండి.

ఈ రాయికి ఒక్కటే శత్రువు, ఆమ్లం. నాపరాయి సున్నపురాయే కదా, యాసిడ్ పడితే నురగలు కక్కి తినేస్తుంది. పని అయ్యాక సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీలు యాసిడ్ వాష్ అంటారు. నాపరాయి మీద దాన్ని ససేమిరా ఒప్పుకోవద్దు. బాత్రూమ్ కడిగే యాసిడ్లూ, నిమ్మకాయ చెక్కా, చింతపండు రసం కూడా మచ్చ తెస్తాయి.

పార్కింగ్ టైల్స్, పేవర్లు

రాయి దొరకని చోట, లేదా అందరిళ్లలా ఒకే కొలత, ఒకే రంగు కావాలనుకుంటే పార్కింగ్ టైల్స్ ఉన్నాయి. ఈ పేరుతో బజార్లో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతారు. ఒకటి ఫ్యాక్టరీ కొలిమిలో కాల్చి వచ్చిన టైల్. రెండోది ఊరి చివర యూనిట్లలో సిమెంటును అచ్చుల్లో పోసి రంగు కలిపి చేసేది. రెండోది చవక. మందంగా ఉంటుంది, పైన ఎత్తుపల్లాల డిజైనూ బాగుంటుంది. కానీ రంగు ఎండకు వెలుస్తుంది, కొత్తలో తెల్లటి బూజులాంటి పొర పైకి తేలుతుంది. సిమెంటులోని సున్నం నీళ్లతో పైకొచ్చి గాలి తగిలి గట్టిపడితే వచ్చే పొర అది. కడుగుతుంటే క్రమంగా తగ్గుతుంది. కొనేముందు యూనిట్‌కి వెళ్లి, ఎన్ని రోజులు నీళ్లలో నానబెట్టారో అడగండి. నిన్న పోసి ఇవాళ అమ్మే టైల్ పొడిపొడిగా రాలుతుంది. గోటితో గీకితే పిండి రాలిన టైల్‌ని అక్కడే వదిలేసి రండి.

కాల్చిన టైల్‌లో నాణ్యత తెలుసుకోవడానికి నీటి పీల్పు చూడాలి. విట్రిఫైడ్ అంటే 0.5 శాతం లోపు నీళ్లు పీల్చేది. మామూలు గోడ టైల్ పది శాతం పైనే పీలుస్తుంది. టైల్‌ని తిరగేసి వెనక వైపు నాలుగు చుక్కల నీళ్లు వేయండి. వెంటనే ఇంకిపోయి తడి మచ్చ విస్తరిస్తే అది బయటికి పనికిరాదు. చుక్క చుక్కగానే నిలబడితే గట్టి సరుకు. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మన పిల్లలు అక్కడి చలి ప్రాంతాల లెక్కన ఈ 0.5 శాతమే ఉండి తీరాలంటారు. వాళ్ల దగ్గర అది నిజమే. టైల్‌లో చేరిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బి టైల్‌ని పగలగొడతాయి. మన దగ్గర ఆ భయం లేదు కాబట్టి కప్పు కింద ఉండే సిటవుట్‌లో 3 శాతం దాకా పీల్చే టైల్ వేసినా నష్టం లేదు, డబ్బు మిగులుతుంది. బండ్లు నిలిపే చోట మాత్రం విట్రిఫైడే, అదీ పది పన్నెండు మిల్లీమీటర్ల మందంతో తీసుకోండి. అంచు చూడండి. పై రంగే లోపలా ఉంటే చిన్న పెచ్చు ఊడినా కనబడదు. లోపల వేరే రంగుంటే ప్రతి దెబ్బా బయటపడుతుంది.

నల్లరేగడి నేలల్లో ఇల్లున్నవాళ్లు పేవర్ బ్లాకులు చూడండి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద సిమెంటుతో అతికించిన టైల్స్ నేలతోపాటు పగులుతాయి. పేవర్లను ఇసుక పరుపు మీద పొడిగా పేరుస్తారు కాబట్టి నేల కదిలితే అవీ కదిలి సర్దుకుంటాయి. ఎక్కడైనా కుంగితే ఆ నాలుగూ తీసి, ఇసుక సరిచేసి, అవే మళ్లీ పెట్టుకోవచ్చు. ఇంటి కారుకు 60 మిల్లీమీటర్ల మందం చాలు. చుట్టూ సిమెంటు అంచు కట్టకపోతే మాత్రం పక్కలకు జరిగిపోతాయి. సందుల్లో గడ్డి మొలుస్తుంది, చీమలు ఇసుక తోడతాయి. దానికి సిద్ధపడే వేయించుకోవాలి. వాన నీళ్లు ఆ సందుల్లోంచే భూమిలోకి దిగడం నాకు నచ్చే సుగుణం. ఎండాకాలంలో బోరు ఎండిపోయిందని ట్యాంకరు పిలిపించే వీధుల్లో, గోడ నుంచి గోడ దాకా ఒక్క చుక్క ఇంకకుండా టైల్స్ వేసుకోవడం చూస్తే బాధేస్తుంది.

లెక్క వేద్దాం

చదరపు అడుగు ముప్పై అయిదుకి వస్తోంది, యాభైది ఎందుకు అంటారు. మాట వరసకు ఈ అంకెలే తీసుకుందాం. మీ పోర్టికో 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, మొత్తం 180 చదరపు అడుగులు. ఇసుక, సిమెంటు, కూలి, రవాణా, హమాలీ కలిపి అడుగుకి 70 అవుతుందనుకోండి. ఏ టైల్ వేసినా ఆ 70 తప్పదు. చవక టైల్‌తో నేల 18,900కి, మంచి టైల్‌తో 21,600కి తేలుతుంది. తేడా 2,700. చవకది రెండేళ్లకు పగిలితే? పగలగొట్టి చెత్త తోలడానికి అడుగుకి 15 వేసుకున్నా, మళ్లీ అదంతా కలిపి 21,600 అవుతుంది. 2,700 మిగుల్చుకోబోయి ఇంకో నేల ఖర్చు మీద వేసుకోవడం అది. ఈ అంకెల చోట మీ ఊరి రేట్లు వేసి చూడండి. రేట్లు మారినా తీరు ఇలాగే ఉంటుంది. కాబట్టి మిగుల్చుకోవాలంటే టైల్ నాణ్యతలో కాదు, సైజులో, డిజైన్లో, పాత స్టాకులో మిగుల్చుకోండి. పెద్ద టైల్‌కి బయట వాటం, అంటే నీళ్లు పోయే వాలు, సరిగ్గా కుదరదు, ముక్కలు ఎక్కువ వృథా అవుతాయి. అడుగు లేదా అడుగుంబావు టైల్ బయటికి చక్కగా సరిపోతుంది, చవక కూడా. షాపుల్లో ఏదో ఇంటికి తెచ్చి మిగిలిన డబ్బాలు, ఆగిపోయిన డిజైన్లు ఉంటాయి. చిన్న వాకిలికి అవి చాలు.

డబ్బా లెక్కలో ఒక మెలిక ఉంది. రెండడుగుల టైల్ నాలుగు ఉన్న డబ్బాను పదహారు చదరపు అడుగులంటారు. నిజానికి ఆ టైల్ 600 మిల్లీమీటర్లది, అంటే రెండడుగులకు కాస్త తక్కువ. డబ్బా మీద 1.44 చదరపు మీటర్లు అని ఉంటుంది. దాన్ని 10.76తో గుణిస్తే వచ్చేది పదిహేనున్నర. డబ్బాకి అర అడుగు పోయింది. ఇరవై డబ్బాలు కొంటే పది అడుగులు తక్కువొచ్చి, ఆఖరి రోజు మేస్త్రీని కూర్చోబెట్టి షాపుకి పరుగెత్తాలి. అప్పటికి ఆ బ్యాచ్ అయిపోయి ఉంటుంది. అందుకే చదరపు మీటర్లు చూసే లెక్క వేయండి. కోతల్లో పోయేదానికి ఎనిమిది నుంచి పది శాతం కలపండి. డబ్బాలన్నిటి మీదా బ్యాచ్ నంబరూ షేడ్ నంబరూ ఒకటేనా అని దింపేటప్పుడే చూడండి. ధరలో జీఎస్టీ, రవాణా కలిశాయో లేదో, మిగిలిన డబ్బాలు వెనక్కి తీసుకుంటారో లేదో బిల్లు మీదే రాయించండి.

కనబడని పని

టైల్ కింద పని బాగుంటే మామూలు టైల్ పదేళ్లు నిలుస్తుంది. కింద పని చెడితే ఏ కంపెనీ టైలైనా పగులుతుంది. పునాది తవ్విన మట్టినే వాకిట్లో నింపి, రెండు రోజుల్లో టైల్స్ వేస్తే, మొదటి వానకే నేల కుంగుతుంది. మట్టిని పొరలు పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిసతో గట్టిపరచాలి. వీలుంటే ఒక వానాకాలం గడవనివ్వాలి. దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు, ఆ పైన పరుపు, ఆపైనే టైల్. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చదు కాబట్టి ఒట్టి సిమెంటు పాలు దాన్ని గట్టిగా పట్టుకోలేవు. వెనకవైపు టైల్ అడెసివ్ పూయించాలి. ఆ బస్తాల ఖర్చు ముందే బడ్జెట్‌లో రాసుకోండి.

వాటం మీరే దగ్గరుండి చూడండి. పది అడుగులకు కనీసం అంగుళంన్నర ఇంటి వైపు నుంచి వీధి వైపుకి దిగాలి. మేస్త్రీ దారం కట్టాక రసమట్టంతో కొలవమనండి. టైల్స్ అతికించే ముందు పరుపు మీద బకెట్ నీళ్లు పోయించలేం కానీ, కింద కాంక్రీటు మీద పోయించవచ్చు. నీళ్లు నిలిచిన గుంటలన్నీ అక్కడే కనబడతాయి, అక్కడే సరిచేయించవచ్చు. టైల్‌కీ టైల్‌కీ మధ్య మూడు మిల్లీమీటర్లయినా సందు ఉంచాలి. ఎండకు టైల్ సాగుతుంది. సందు లేకపోతే ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం రెండు టైల్స్ గుడారంలా పైకి లేస్తాయి. ‘అతుకు కనబడకుండా వేశానండీ’ అని మేస్త్రీ గొప్పగా చెబితే సంతోషించకండి. లోపల అది నప్పుతుంది, బయట కాదు.

పని చేయించడానికి దీపావళి తర్వాత నుంచి సంక్రాంతి లోపు మంచి కాలం. మే నెలలో అయితే సిమెంటు గట్టిపడకముందే ఎండిపోతుంది. తప్పనిసరైతే పొద్దున పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత వేయించి, తడి గోనెపట్టాలు కప్పించండి. వేసిన మర్నాడే కారు ఎక్కించకండి. కనీసం వారం ఆగండి. ఆ వారంలో కర్రతో ఒక్కో టైల్‌నీ తట్టుకుంటూ వెళ్లండి. ఎక్కడ డొల్ల మోత వస్తే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బైకు సైడ్ స్టాండు ఎప్పుడో ఒకప్పుడు సరిగ్గా ఆ టైల్ మీదే దిగుతుంది. మేస్త్రీకి ఆఖరి డబ్బు ఇచ్చేది ఆ గుర్తులన్నీ సరిచేశాకే. ఇది అపనమ్మకమేమీ కాదు, మంచి మేస్త్రీలు తామే తట్టి చూపిస్తారు.

మిగిలిన టైల్స్‌లో అయిదారు మేడమీద గదిలో దాచి, డబ్బా అట్టముక్క మీది బ్యాచ్ నంబరును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పాకుడు పడితే బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు కాసేపు ఉంచి గట్టి చీపురుతో రుద్దితే పోతుంది. వానాకాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఈ పని చేయండి, ముఖ్యంగా కుళాయి దగ్గర, పూలకుండీల కింద.